టీ డికాషన్ మీద నల్లగీత

ఆదివారం.

మూలనున్న కుండ మూత తీయగానే పుల్లటి వాసన గుప్పుమంది. తుప్పుపట్టిన మేకులు, బెల్లం, నీళ్లు కలిసి బాగా ఊరాయి. శ్రీకాళహస్తి కలంకారీవాళ్ల నల్లరంగు ఇదే. వాళ్లు బట్టని కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెట్టాకే కలం పట్టుకుంటారు. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిస్తేనే నలుపు తేలుతుంది. పాలలోని కొవ్వు రంగుని పాకనివ్వదు.

ఇంట్లో కరక్కాయ లేదు. వగరు టీలోనూ ఉంటుంది కదా! పొద్దున్న వాడేసిన టీపొడినే మళ్లీ మరిగించి, ఆ డికాషన్ మందపాటి కాగితానికి పట్టించి, ఫ్యాను కింద ఆరబెట్టాను. వెదురుపుల్ల ఇనుపనీళ్లలో ముంచి గీస్తే ముందు లేత గోధుమరంగు తడి మాత్రమే కనబడింది. చూస్తుండగానే బూడిదరంగు తిరిగి, నల్లబడింది. ట్యూబులోంచి పిండిన నలుపులో ఈ ఆనందం నాకెప్పుడూ దొరకలేదు.

అమ్మ దిష్టి తీస్తున్న బొమ్మ అది. పళ్లెంలో ఎర్రనీళ్లు వేయాలి. పసుపులో చిటికెడు సున్నం కలిపితే ఎర్రగా తిరిగింది. అమ్మ చేసేదీ అంతేగా. బొమ్మలో ఏముందో దానితోనే బొమ్మ వేయడం నాకు ప్రాణం. 1912లో పికాసో కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్‌ని కాన్వాసుకి అతికించి, చుట్టూ తాడు బిగించాడు. అది చూసినప్పుడూ ఇదే సంతోషం.

వంటింటి సరుకంటే రంగులు కొనలేనివాళ్లు వాడేదని ఆ మధ్య ఎవరో అన్నారు. నేను ఒప్పుకోను. చేర్యాలలో కథల పటాలు వేసే నకాషీ చిత్రకారులు ఖద్దరుకి గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టిస్తేనే ఆ పటం చుట్టడానికీ విప్పడానికీ వీలుగా తయారవుతుంది. అది లేమి కాదు, పనితనం.

మన్నిక సంగతి వేరు. పసుపు వెలుతురుకి వెలిసిపోతుంది. నలుపు నిలుస్తుంది గానీ, ఇనుము ఏళ్ల తరబడి కాగితాన్ని తినేస్తుంది. యూరప్‌లో ఇలాంటి ఇనుప సిరాతో రాసిన పాత ప్రతుల్లో అక్షరాలున్న చోటే కాగితం చిల్లులు పడింది. ఇకమీదట నల్లగీతలన్నీ బట్ట మీదే వేయాలి, ఉతికి మిగిలిన ఇనుము పోగొట్టొచ్చు.

ఈ బొమ్మ కావాలని ఒకావిడ అడిగారు. రేపు ఫోన్ చేసి ఇదంతా చెప్తాను. ఎండ తగలని గోడ ఉంటేనే తీసుకోమంటాను.