అత్తయ్య అరుపు, ఠాకురాణి డప్పులు

ఒడిశాలోని మా బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి అమ్మవారి యాత్ర జరుగుతుంది కదా, పోయినసారి ఆ సందట్లోనే ఓ రాత్రి మా అత్తయ్య మెళ్లో గొలుసు లాక్కుపోయారు. జనం మధ్య కూడా కాదు, పెద్ద వీధిలోంచి ఇంటికి తిరిగే సందు మొదట్లో. అక్కడ కెమెరా ఉంది, అంతా రికార్డయింది, కానీ ఎవరైనా చూసింది మర్నాడే. "ఎంత అరిచానో నాకే తెలుసు, ఆ డప్పుల్లో ఎవరికి వినిపిస్తుందే?" అంది అత్తయ్య. మెడ మీద గొలుసు కోసుకున్న గీత ఎర్రగా ఉంది, మాట్లాడినంతసేపూ దాన్నే వేలితో తడుముకుంటూ ఉంది.

అరుపు విని తనంతట తనే కబురు పంపే యంత్రాలు ఉన్నాయి. మైకులో పడిన శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఏ క్షణంలో ఏ శ్రుతి ఎంత గట్టిగా ఉందో బొమ్మలా మారుస్తారు, దాన్ని స్పెక్ట్రోగ్రామ్ అంటారు. అలాంటివి వేలకొద్దీ చూపించి ఇది అద్దం పగలడం, ఇది తుపాకి, ఇది అరుపు అని నేర్పిస్తారు. భయంతో అరిచినప్పుడు గొంతు తీవ్రత సెకనుకి 30 నుంచి 150 సార్లు ఎగిరి పడుతుందట, మామూలు మాటల్లో అది అరుదు. అరుపు వినగానే మనకి ఒళ్లు జలదరించేది కూడా ఆ గరుకుదనం వల్లే.

గూగుల్ వాళ్ల యామ్‌నెట్ అనే మోడల్ ఉచితంగా దొరుకుతుంది, 521 రకాల శబ్దాలు దానికి తెలుసు. లాప్‌టాప్‌లో పెట్టుకుని, యాత్రలో నేను ఫోన్‌తో తీసిన వీడియోలు వినిపించాను. పటాకా పేలితే తుపాకి అంది. అమ్మవారి ఘటం గుమ్మం ముందుకి రాగానే ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ చేసే మంగళధ్వని, హుళుహుళి వచ్చింది, దాన్ని అరుపు అంది! అసలు దానికి మన వీధిని ఎవరు వినిపించారు గనక? ఇలాంటి వేరే మోడళ్లకి నేర్పడానికి 2014లో వచ్చిన అర్బన్‌సౌండ్ 8కె అనే శబ్దాల సేకరణని చాలామంది వాడతారు, 8,732 ముక్కలు, పది రకాలు. కుక్క మొరుగుడు ఉంది, కారు హారన్ ఉంది, రోడ్డు తవ్వే మిషన్ ఉంది, తుపాకి ఉంది. పటాకాకి, మనిషి అరుపుకి విడిగా చోటే లేదు.

ఇలాంటిదాన్ని తెచ్చి మన స్తంభాలకి కట్టేస్తే, యాత్ర మొదటి రాత్రే ఇరవైసార్లు ఉత్తుత్తి అలారం మోగుతుంది, ఇరవై ఒకటోసారి నిజంగా ఎవరో అరిచినా ఎవరూ లేవరు. అందుకే ముందు మన డప్పులు, మన పటాకాలు, హుళుహుళి, తెలుగులో "బాబోయ్" అని అరిచినా ఒడియాలో "బంచాఅ" అని అరిచినా ఎలా ఉంటుందో అన్నీ రికార్డు చేసి నేర్పాలి. ఇంకో మాట, సందులో జనం చెప్పుకునే కబుర్లు ఎక్కడికీ పోకూడదు. లెక్కంతా మైకు పక్కనున్న చిన్న బోర్డులోనే అయిపోయి, "ఇక్కడ అరుపు" అన్న కబురు ఒక్కటే బయటికెళ్లాలి.

నిన్న సాయంత్రం అత్తయ్యని మేడ మీదికి తీసుకెళ్లి, ఫోన్ ఆన్ చేసి, ఆ రాత్రి అరిచినట్టే ఒక్కసారి అరవమన్నాను. మొదట వద్దంది, తర్వాత కళ్లు మూసుకుని అరిచింది. నేను రికార్డింగ్ ఆపేలోపే ఎదురింటావిడ "ఏమైందండీ?" అంటూ మెట్లెక్కి వచ్చేసింది, చేతికున్న పిండి కూడా కడుక్కోలేదు.