తీర్థన్ ట్రౌట్: నాలుగు రోజుల్లో మూడు రోజులు దారం దగ్గరే ఆగిపోయాను

నిన్న నాలుగో రోజు సాయంత్రం హిమాచల్ కులూ ప్రాంతంలోని తీర్థన్ నదిలో నాకు మొదటి ట్రౌట్ పడింది, అంటే చల్లటి కొండ నదుల్లో ఉండే చేప. ఆ తర్వాత గంటలో ఇంకో రెండు. అంతకుముందు మూడు రోజులు పొద్దున్నుంచి చీకటి పడేదాకా నీళ్లలో నిలబడినా ఒక్కటి కూడా ముట్టలేదు. నది అదే, రాడ్ అదే, ఎరలూ అవే. నీటిమీద దారం పడే తీరు ఒక్కటే మారింది. ఈ సంగతి తెలుగులో ఎవరైనా ముందే రాసి ఉంటే నాకు మూడు రోజులు మిగిలేవి. అందుకే చేతివేళ్ల తిమ్మిరి పూర్తిగా దిగకముందే రాస్తున్నాను.

సులువైనవి ముందు చెప్పేస్తాను. లైసెన్సు హిమాచల్ మత్స్యశాఖ ఇస్తుంది. గుర్తింపు కార్డు చూపించాను, డబ్బు కట్టాను, కాగితం చేతికొచ్చింది. చేప కనీసం ఎంత పొడవుండాలి, రోజుకి ఎన్ని ఉంచుకోవచ్చు అన్న షరతులు అక్కడే అడిగి రాసుకోండి, ఒక టేపు జేబులో వేసుకోండి. నవంబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం కాబట్టి వేట నిషేధం. గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు లోపలికి అడుగు పెట్టాలంటే దానికి వేరే అనుమతి కావాలి.

కాలం విషయంలో మాత్రం తొందరపడకండి. మార్చి, ఏప్రిల్ బాగుంటాయి. వానలు వెనక్కి తగ్గాక సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు దాకా ఇంకా బాగుంటుంది. మే, జూన్‌లలో పైన మంచు కరిగి మధ్యాహ్నానికి నది పెరుగుతుంది, రంగు మారుతుంది. అప్పుడు పొద్దున పూటే పని కానిచ్చుకోవాలి. జులై, ఆగస్టుల్లో బురద నీళ్లు. ఒక చిన్న థర్మామీటరు కొనుక్కోండి, దానికి పెట్టిన డబ్బు వృథా కాదు. నీళ్లు 10 నుంచి 16 డిగ్రీల మధ్య ఉంటే ట్రౌట్ చురుగ్గా తింటుంది. నేనున్న ఏప్రిల్ మొదటి వారంలో పొద్దున ఏడింటికి 7 డిగ్రీలు, సాయంత్రం ఐదింటికి 11. తెల్లవారకముందే లేచి చలిలో నిలబడినందుకు నాకు దక్కిందేమీ లేదు. ఎండ నీటిని తాకి రెండు గంటలయ్యాక దిగితే చాలు. ఎండాకాలంలో 20 డిగ్రీలు దాటితే పట్టడం ఆపేయండి. వెచ్చటి నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది, పోరాడి అలసిన చేప వదిలినా బతకదు.

ఈ నదిలో ఉండేది ఎక్కువగా బ్రౌన్ ట్రౌట్. 1909లో కాశ్మీర్ నుంచి గుడ్లు తెచ్చి కులూ లోయలో పొదిగించిన సంతతి. పక్కన ఎర్రటి చుక్కలు, వాటి చుట్టూ లేత వలయం ఉంటే బ్రౌన్. పక్కన గులాబీ పట్టీ, తోకంతా నల్ల చుక్కలు ఉంటే రెయిన్‌బో, అది ఇక్కడ చెరువుల్లో పెంచే రకం. మూతి కిందివైపుకి ఉండి, మీసాలుంటే అది ఈ కొండల సొంత చేప, స్నో ట్రౌట్. స్థానికులు గుగ్లీ అంటారు.

సామాను. 9 అడుగుల 4 నంబరు ఫ్లై రాడ్, నీటిమీద తేలే లావుపాటి లైన్, దాని చివర 9 అడుగుల లీడర్, అంటే కొనకి వచ్చేసరికి సన్నబడే పారదర్శక దారం, ఆ లీడర్‌కి రెండడుగుల టిప్పెట్, అంటే ఎర కట్టే సన్నదారం. లీడర్ మీద కాటు తెలియడానికి ఒక చిన్న బెండు. టిప్పెట్ 5ఎక్స్, అంటే 0.15 మిల్లీమీటర్ల మందం. కొక్కెం నంబరుని మూడుతో భాగిస్తే వాడాల్సిన టిప్పెట్ నంబరు వస్తుంది. నా ఫ్లైలు 14, 16 నంబర్లు కాబట్టి 5ఎక్స్ సరిపోయింది. ఫ్లై అంటే కొక్కేనికి ఈకా దారమూ చుట్టి పురుగులా చేసిన ఎర. నేను వాడింది నింఫ్, అంటే నీటి అడుగున రాళ్లకింద బతికే పిల్లపురుగు రూపం. ట్రౌట్ తిండిలో ఎక్కువ భాగం అడుగునే దొరుకుతుంది, పైన పురుగులు ఎగరనప్పుడు నింఫే దారి. ముడి వేసేటప్పుడు ఐదు చుట్లు తిప్పి, ఉమ్మితో తడిపి, అప్పుడు బిగించండి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి సన్నదారం బలం పోతుంది. చేప తెంపుకుపోయిందని చెప్పుకునే చాలా సందర్భాల్లో దారం తెగింది ఆ ముడి దగ్గరే. బయల్దేరే ముందు ఒక దుకాణదారు నాకు 0.35 మిల్లీమీటర్ల దారం, చేపపిల్లంత పెద్ద స్పూను ఎర, అంటే చెంచాలాంటి లోహపు ఎర, అంటగట్టాడు. ఈ అద్దంలాంటి నీళ్లలో ఆ దారం తాడులా కనిపిస్తుంది. ఏ నదికి వెళుతున్నారు, ఏ నెలలో వెళుతున్నారు అని అడగకుండా సామాను అమ్మేవాడి దగ్గర ఏమీ కొనకండి.

చేప ఎక్కడుంటుందో తెలుసుకోవడం అనుకున్నంత కష్టం కాదు. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా మూతి పెట్టి, తాను కష్టపడకుండా తిండి తన దగ్గరికి కొట్టుకొచ్చే చోట నిలుస్తుంది. వడి నీరు, నెమ్మది నీరు కలిసే అంచు వెతకండి. ఆ అంచు మీద నురగ గీతలా సాగుతుంది. నురగ వచ్చేచోటే తిండీ వస్తుంది. పెద్ద బండ వెనకే కాదు, బండ ముందు కూడా నీరు మెత్తబడే జానెడు చోటుంటుంది, పెద్ద చేప తరచు అక్కడే ఉంటుంది. కింది నుంచి పైకి నడవండి, వంగి నడవండి. నీటిలోంచి చేపకి పై ప్రపంచం 97 డిగ్రీల గుండ్రటి కిటికీలోంచి కనిపిస్తుంది. నిటారుగా నిలబడ్డ మనిషి ఆ కిటికీ అంచులోకి వస్తాడు.

ఇక నన్ను మూడు రోజులు తిన్న విషయం.

మొదటి రోజు నుంచీ వెంట ఒక గైడు ఉన్నాడు. చేప రాకపోతే అతని దగ్గర ఉన్న మందు ఒక్కటే: ఫ్లై మార్చండి. రెండో రోజు ఒక్క మడుగులోనే పదకొండు ఫ్లైలు మార్చాను. ప్రతిసారీ కొత్త ముడి, వణికే వేళ్లు, పావుగంట వృథా. మూడో రోజు మధ్యాహ్నం అదే మడుగు దగ్గరికి పైఊరి పెద్దాయన ఒకాయన వచ్చాడు. కాసేపు చూసి, నా రాడ్ అడిగి తీసుకున్నాడు. ఫ్లై మార్చలేదు. నేను నిలబడ్డ చోటికి రెండడుగులు ముందుకు వెళ్లి, కుదురుగా విసిరాడు. మూడో విసురుకి ట్రౌట్. నేను మూడు రోజులు దున్నిన నీళ్లలో, నా ఫ్లైతో! ఒడ్డున నలుగురు చూస్తున్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. రాడ్ తిరిగిచ్చేటప్పుడు ఆయన అన్న మాట ఒక్కటే: "బుల్బులే దేఖో, భాయ్‌జీ." బుడగల్ని చూడు.

ఆ రాత్రంతా ఆ మాట మీదే ఆలోచించాను. మర్నాడు నీటి దగ్గర దాని అర్థం తెలిసింది.

మన కాలవల్లో, చెరువుల్లో బెండు కట్టి ఎర్రలతో గాలం వేసేవాళ్లకి ఈ బాధ లేదు. నీరు నిలబడి ఉంటుంది, బెండు నిలబడి ఉంటుంది, ఎర దాని కింద వేలాడుతుంది. వాలు మీద పారే నది అలా కాదు. పైనున్న నీరు జోరుగా పోతుంది. అడుగున రాళ్ల రాపిడి వల్ల అదే నీరు చాలా నెమ్మదిగా కదులుతుంది. పైన తేలే బెండు పై నీటి వేగంతో పరుగెత్తితే, అడుగున ఉండాల్సిన నింఫ్‌ని ముందుకి లాక్కుపోతుంది, పైకి కూడా లేపేస్తుంది. నిజమైన పురుగు అడుగు నీటి వేగంతో దొర్లుకుంటూ వస్తుంది. పక్కన పోయే వాటన్నిటికన్నా వేగంగా, ఏటవాలుగా ఈదుకుపోయే పురుగుని ట్రౌట్ నమ్మదు. పదకొండు ఫ్లైలు మార్చినా పదకొండూ అలాగే పరుగెత్తాయి.

కాబట్టి పరీక్ష ఇది. బెండు పక్కనే పోతున్న ఒక బుడగని ఎంచుకోండి. బెండు ఆ బుడగ కన్నా కాస్త వెనకబడుతూ పోతుంటే నింఫ్ అడుగున ఉంది, సరిగ్గా నడుస్తోంది. బుడగతో సమానంగా పోతుంటే నింఫ్ ఇంకా అడుగుకి చేరలేదు. బుడగని దాటిపోతుంటే మీ లైన్ దాన్ని లాగుతోంది, ఆ విసురు వృథా. నా మూడు రోజుల విసుర్లలో ఎక్కువ భాగం ఈ మూడో రకమే.

లాగుడు ఎక్కడి నుంచి వస్తుందంటే, మీకూ చేప ఉన్న అంచుకీ మధ్య ఒక వడిపాయ ఉంటుంది. లైన్ దాని మీద పడగానే నడుము విల్లులా కిందికి వంగుతుంది. రెండు సెకన్లలో ఆ విల్లు బిగిసి బెండుని ఈడుస్తుంది. దీనికి మందు లైన్‌ని ఎత్తి ప్రవాహానికి ఎగువవైపుకి వేయడం, మెండింగ్ అంటారు. అందరూ చేసే తప్పు, నేనూ చేసిన తప్పు, విల్లు వంగాక ఎత్తడం. అప్పుడు ఎత్తితే బెండు గెంతుతుంది, చేప బెదురుతుంది. లైన్ నీటిని తాకిన వెంటనే, అది బిగిసేలోపే ఎత్తాలి. రాడ్ కొనతో నెమ్మదిగా అర్ధచంద్రం గీసినట్టు ఎత్తండి, గుంజకండి. వడిపాయ మీద ఎంత లైన్ ఉందో అంతే కదలాలి, బెండు కదలకూడదు.

పెద్దాయన రెండడుగులు ముందుకెళ్లింది కూడా ఇందుకే. ఆయన వడిపాయని దాటి నిలబడ్డాడు. నీటి మీద లైన్ పడే అవసరమే లేకుండా రాడ్‌ని భుజం ఎత్తున పట్టుకుని, కొనని బెండుతోపాటు నడిపించాడు. అయిదారు మీటర్ల దూరానికి మించి ఈ నదిలో విసరనక్కర్లేదు. దూరం విసరగలనని నేను గర్వపడేవాణ్ణి. పదిహేను మీటర్లు విసిరితే పదిహేను మీటర్ల లైన్‌ని నది లాగుతుందని అప్పుడు తోచలేదు. ఇప్పుడు చెబుతున్నాను, తీర్థన్‌లో దగ్గరికి చప్పుడు కాకుండా వెళ్లడం రావాలి, విసరడం తర్వాత.

రెండో సగం బరువు. బెండు నుంచి నింఫ్ దాకా దారం, నీటి లోతుకి ఒకటిన్నర రెట్లు ఉండాలి. మోకాటి పైదాకా ఉన్న నీటిలో, అంటే 60 సెంటీమీటర్ల లోతులో, నేను 90 సెంటీమీటర్లు పెట్టాను. నింఫ్‌కి జానెడు పైన చిన్న గుండు నొక్కండి. సీసం నీటిపక్షులకు విషం, తగరం గుండ్లు దొరుకుతాయి, అవే వాడండి. మూడు నాలుగు విసుర్లకి ఒకసారైనా నింఫ్ అడుగు రాయిని తాకకపోతే ఇంకో గుండు వేయండి. ప్రతి విసురుకీ తట్టుకుంటుంటే ఒకటి తీయండి. చేప ఉన్న చోటికి మీటరున్నర ఎగువన విసిరితేనే నింఫ్ దిగే సమయం దొరుకుతుంది. సరిగ్గా చేప నెత్తిన విసిరితే అది పైనే పోతుంది.

నాలుగో రోజు వరుస ఇలా పెట్టుకున్నాను: ముందు నిలబడే చోటు మార్చడం, తర్వాత మెండింగ్, తర్వాత గుండు, తర్వాత లోతు. ఈ నాలుగూ అయ్యాకే ఫ్లై. ఫ్లై మార్చాల్సిన అవసరం రాలేదు. డబ్బు తీసుకుని నీటి దగ్గర నిలబడే గైడుకి ఈ వరుస తెలియకపోతే అది క్షమించదగ్గ లోపం కాదు. నా బెండు బుడగల్ని దాటి పరుగెత్తడం మూడు రోజులు నా గైడు కళ్లెదుటే జరిగింది. గైడుని మాట్లాడుకునే ముందు ఒక్క ప్రశ్న అడగండి: చేప పడకపోతే మొదట ఏం మారుస్తావు? ఫ్లై అన్నాడంటే ఇంకొకర్ని చూసుకోండి.

నిలవ నీటి సరస్సులో వేటయితే లెక్క తిరగబడుతుంది. అక్కడ తిండి చేప దగ్గరికి రాదు, చేపే తిరుగుతుంది. ఎరని మీరు కదిలించాలి. విసిరాక లెక్కపెట్టి దించండి, పది అంకెలకి ఒకసారి, ఇరవైకి ఒకసారి, ఏ లోతులో తాకిందో గుర్తుంచుకుని మళ్లీ అదే అంకె దాకా దించండి. తర్వాత బెత్తెడేసి చొప్పున ఆగి ఆగి లాగండి. గాలి వీచి తాకే ఒడ్డు వైపు తిండి పోగవుతుంది, ముఖానికి గాలి కొట్టినా అక్కడే నిలబడండి.

కాటు గురించి. ట్రౌట్ బెండుని ముంచేస్తుందని ఎదురు చూడకండి. వెనకబడుతూ పోతున్న బెండు ఒక్క క్షణం ఆగుతుంది, లేదా వణుకుతుంది. నోట్లో పెట్టుకున్నది తిండి కాదని తెలియగానే అది ఉమ్మేస్తుంది, మీకుండే సమయం సెకను లోపే. అనుమానం రాగానే మణికట్టుతో దిగువవైపుకి జానెడు ఎత్తండి. రాయి అయితే రాయే, పోయేదేమీ లేదు. నా మొదటి చేప అలా రాయనుకుని ఎత్తిందే.

పడ్డాక రాడ్‌ని నిటారుగా కాకుండా పక్కకి వంచి లాగండి, చేప త్వరగా అలుస్తుంది. కొక్కెం ముల్లుని ముందే పటకారుతో నొక్కేయండి, తీయడం తేలిక. చేతులు తడిపాకే ముట్టుకోండి. పొడి చెయ్యి దాని ఒంటి జిగురుని తుడిచేస్తుంది, ఆ తర్వాత బూజు పడుతుంది. వదిలే చేపని నీటిలోనే ఉంచి కొక్కెం తీయండి. మూతి ఎగువవైపుకి పట్టుకుని, తనంతట తాను తోకతో కొట్టి వెళ్లేదాకా ఆగండి. ఫోటో కోసం దాన్ని గాలిలో ఊపేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఉంచుకునేదాన్ని తలమీద ఒక్క దెబ్బతో వెంటనే చంపండి, సంచిలో కొట్టుకుంటూ చావనివ్వకండి. పేగులు అక్కడికక్కడే తీసి, వెన్నెముక వెంట ఉన్న నల్లటి నెత్తురు గీతని బొటనవేలి గోటితో గీకేయండి, అది ఉంటే మాంసం త్వరగా పాడవుతుంది.

నడిచేటప్పుడు మోకాలు దాటిన వడి నీటిలోకి దిగొద్దు. కర్రని ఎగువవైపు ఆనించి, ఒక పాదం కుదురుకున్నాకే రెండోది ఎత్తండి. మార్చిలో వెళితే మడుగు దిగువ చివర నాచు లేకుండా తెల్లగా శుభ్రంగా కనిపించే గులకరాళ్ల మీద కాలు పెట్టకండి. చలికాలంలో ట్రౌట్ తోకతో తవ్వి గుడ్లు పెట్టిన చోటది, ఆ రాళ్ల సందుల్లో పిల్లలు ఇంకా ఉంటాయి. బూట్ల అడుగున నామ్దా, అంటే దట్టంగా నొక్కిన ఉన్నిలాంటి పొర, ఉంటే నాచు రాళ్ల మీద పట్టు దొరుకుతుంది. కానీ అది ఒక నది క్రిముల్ని ఇంకో నదికి మోస్తుంది. వేరే నదికి వెళ్లేముందు బురద కడిగి, పూర్తిగా ఎండేదాకా ఆగండి. నావి కిటికీ బయట ఆరుతున్నాయి, రేపటికీ ఆరేలా లేవు.