సైకాలజీ, న్యూరోసైన్స్ కలిపి చదివితే: నా అనుభవం

"మనం ఎందుకు మరిచిపోతాం?" అన్న ఒక్క ప్రశ్నకి రెండు రకాల జవాబులు రాయడం నేర్చుకోవాల్సి వచ్చింది. సైకాలజీలో అయితే కొత్తగా నేర్చుకున్నది పాతదానికి ఎలా అడ్డుపడుతుందో, సందర్భం మారితే తెలిసిన సంగతి కూడా ఎందుకు గుర్తుకు రాదో రాస్తే చాలు. న్యూరోసైన్స్ పేపర్లో అదే రాస్తే మార్జిన్లో "ఎలా?" అని ఎర్ర ఇంకు. అక్కడ కొత్త జ్ఞాపకాలకి కీలకమైన మెదడు భాగం హిపోకాంపస్ బొమ్మ గీయాలి, రెండు నాడీకణాలు కలిసే చోటు, అంటే సినాప్స్, బలపడే తీరు చెప్పాలి, అందులో పాలుపంచుకునే గ్లుటమేట్, కాల్షియం రావాలి.

నాది ఒడిశాలోని బరంపురం. డిగ్రీ సైకాలజీ ఆనర్స్ అక్కడే చేశాను; మా కాలేజీలో అది ఆర్ట్స్ వాళ్ల సబ్జెక్టు. తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ(హెచ్‌సీయూ)లో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్స్ ఎమ్మెస్సీలో చేరాను. సీటొచ్చిందనగానే మావయ్య "అయితే మన ఎంకేసీజీ ఆసుపత్రిలో మెదడు డాక్టరువన్నమాట" అన్నారు. దానికి ఎంబీబీఎస్ నుంచి మొదలుపెట్టాలి మావయ్యా అన్నాను. క్లినికల్ సైకాలజిస్టు అవ్వాలన్నా రిహాబిలిటేషన్ కౌన్సిల్ (ఆర్‌సీఐ) గుర్తింపున్న కోర్సు చేసి రిజిస్టరు కావాలి. నాది పరిశోధన వైపు. "మరి ఉద్యోగం?" అన్నారు. దానికి ఇప్పటికీ నా దగ్గర గట్టి జవాబు లేదు.

మొదటి సెమిస్టరంతా న్యూరాన్, అంటే నాడీకణం, దగ్గరే గడిచింది. ఖాళీగా ఉన్న న్యూరాన్ పొర మీద దాదాపు మైనస్ 70 మిల్లీవోల్టులు, ప్రేరణ రాగానే సోడియం లోపలికి, ఆ వెంటనే పొటాషియం బయటికి. ఇంతవరకు ప్లస్ టూ బయాలజీ కాచింది. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ నరం మీద కట్టిన సమీకరణాలు వచ్చేసరికి తెల్లమొహం వేశాను. బీటెక్ చేసొచ్చిన మా రూమ్మేటుకి అవి మంచినీళ్లప్రాయం. ప్రయోగం డిజైన్ చెయ్యమంటే మాత్రం తనకి దిక్కు తోచేది కాదు. తను నాకు లెక్కలు, నేను తనకి ప్రయోగాల ఫలితాలు పోల్చే టీ-టెస్టులు చెప్పుకుంటూ గట్టెక్కాం.

చదువు రుచి తెలిసింది హెచ్.ఎం. అనే రోగి కేసుతో. మూర్ఛ తగ్గుతుందని 1953లో ఆయన మెదడులో రెండువైపులా హిపోకాంపస్‌లో చాలా భాగం తీసేశారు. ఆ తర్వాత ఏ కొత్త సంగతీ ఆయనకి నిలవలేదు. కానీ ఆయన్ని పరీక్షించిన సైకాలజిస్టు బ్రెండా మిల్నర్ అద్దంలో చూస్తూ నక్షత్రం గీయమంటే రోజురోజుకీ బాగా గీశారు, నిన్న గీసినట్టు గుర్తే లేకుండా! పొద్దున క్లాసులో ఈ కథ జ్ఞాపకాల్లో రకాల గురించి, మధ్యాహ్నం క్లాసులో హిపోకాంపస్ ఉండే టెంపొరల్ లోబ్ గురించి. నోట్సు ఒకే పుస్తకంలో రాయడం మొదలుపెట్టింది అప్పుడే.

సెలవులకి ఇంటికెళ్లి అమ్మ మీద స్ట్రూప్ పరీక్ష చేశాను. 1935 నాటిది. 'ఎరుపు' అన్న మాటని పచ్చ ఇంకుతో రాస్తారు; మాట వదిలేసి ఇంకు రంగు చెప్పాలి. చదవడం దానంతటదే అయిపోతుంది కాబట్టి నోరు తడబడుతుంది. మా ఇళ్లలో మాట తెలుగు, బడి ఒడియా. అమ్మకి తెలుగు అక్షరాలు రావు, నాకు తాతయ్య దిద్దించారు. స్కెచ్ పెన్నులతో రెండు అట్టలు రాశాను, ఒకటి ఒడియా లిపిలో, ఇంకోటి తెలుగులో. రంగు మాత్రం తెలుగులోనే చెప్పమన్నాను. పచ్చ ఇంకుతో ఉన్న ఒడియా 'నాలి' దగ్గర "ఎర్ర... ఉండవే, పచ్చ" అంది. తెలుగు అట్ట గడగడా చెప్పేసింది, తనకవి ఉత్త రంగు గీతలు. నేను రెండిట్లోనూ తడబడ్డాను. "ఎమ్మెస్సీ చదువుతున్నావు, నీకే రావట్లేదేంటే" అని ఒకటే నవ్వు.

ఒక్క మనిషితో, ఫోన్ స్టాప్‌వాచ్‌తో చేసింది ప్రయోగం అనిపించుకోదు. కానీ ప్రశ్న పట్టుకుంది. చదవడం వచ్చినవాళ్ల మెదడులో ఎడమవైపు వెనక ఒక చోటు రాతకి గట్టిగా స్పందిస్తుందని, పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్లలోనూ ఆ మార్పు ఉంటుందని 2010లో స్టానిస్లాస్ డహేన్ బృందం చూపించింది. మా పక్క జిల్లా కంధమాల్‌లోనే సైకాలజిస్టు అజిత్ మొహంతి తమ కుయీ భాష, ఒడియా రెండూ మాట్లాడే కంధ గిరిజన పిల్లల్ని ఒడియా ఒక్కటే వచ్చిన కంధ పిల్లలతో పోల్చారు; భాష గురించి ఆలోచించాల్సిన పరీక్షల్లో రెండు భాషల పిల్లలే ముందున్నారు. ఆయన పేరు నేను హైదరాబాద్ వచ్చాకే విన్నాను.

ఇప్పుడు నా డిసర్టేషను రెండు లిపులు చదివేవాళ్ల మీదే. మెదడులోని విద్యుత్ సంకేతాల్ని తల మీంచి కొలిచే ఈఈజీ అంటే చాకిరీ. టోపీ పెట్టి, ఒక్కో ఎలక్ట్రోడు కింద జెల్ ఎక్కించాలి, రెప్ప వేస్తే సిగ్నల్ పాడు. తలకి నూనె ఉంటే అసలు పట్టదు, తలంటుకుని రమ్మని అందర్నీ బతిమాలాలి. పైగా నాకు కావలసిన మనుషులు బరంపురంలో, టోపీ హైదరాబాద్‌లో. గైడ్‌తో మాట్లాడి, స్పందన వేగం కొలిచే భాగం సెలవుల్లో ఇంటి దగ్గర ల్యాప్‌టాప్ మీద కానిస్తున్నాను. ఈఈజీకి మాత్రం క్యాంపస్‌లో ఉన్న ఒడియా వాళ్లలో తెలుగు చదవగలిగేవాళ్ల కోసం హాస్టళ్లలో నోటీసులు అంటించాను.