బోర్న్‌హ్యాక్ శిబిరంలో పాల్గొన్న నా అనుభవం

కోపెన్‌హాగన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న నాకు, డబ్బిచ్చి టికెట్ కొనుక్కుని మరీ వెళ్లి ఒళ్లు వంచి పనిచేసి వచ్చే వేసవి ఉత్సవం ఒకటుందని తోటి ఉద్యోగిని చెప్పినప్పుడు ఆమె వేళాకోళమాడుతోందనే అనుకున్నాను. బోర్న్‌హ్యాక్ అనే ఆ శిబిరం 2016 నుంచి ఏటా డెన్మార్క్‌లో జరుగుతోంది. మొదట బాల్టిక్ సముద్రంలోని బోర్న్‌హోల్మ్ దీవిలో జరిగేది. 2019లో ఫ్యూన్ దీవిలోని గెల్‌స్టెడ్ దగ్గర, హిల్కెడామ్ అనే స్కౌట్ల శిబిరస్థలానికి మారింది. జర్మనీలో కేయాస్ కంప్యూటర్ క్లబ్ అనే హ్యాకర్ల సంఘం 1999 నుంచి దాదాపు నాలుగేళ్లకోసారి నిర్వహించే ఇలాంటి శిబిరానికి వేల మంది వస్తారు, బోర్న్‌హ్యాక్‌కు వచ్చేది మాత్రం కొన్ని వందల మందే. ఎలక్ట్రానిక్ పరికరాలను విప్పి చూడటం, సొంతంగా సర్క్యూట్లు అతకడం, ప్రోగ్రాములు రాయడం (ఇక్కడ హ్యాకింగ్ అంటే ఇవే) ఇష్టమైనవాళ్లు ఒక వారం పాటు గుడారాల్లో ఉంటారు. నిర్వాహకులందరూ జీతం లేకుండా పనిచేసేవారే.

గుంటూరులో ఉన్న మా అమ్మకు ఫోన్‌లో ఈ సంగతి చెబితే, “హ్యాకింగ్ అంటున్నావు, పోలీసుల గొడవేమీ ఉండదు కదే?” అని అడిగింది. పిల్లలతో సహా కుటుంబాలు కూడా వస్తాయని చెప్పిన తరువాత గాని ఆవిడ మనసు కుదుటపడలేదు.

టికెట్ కొన్న వెంటనే ఆ వెబ్‌సైట్‌లోనే బృందాల పట్టిక కనిపించింది. విద్యుత్తు, నెట్‌వర్క్, పానీయాల కౌంటర్, సమాచార కేంద్రం, ఇలా ఒక్కో పనికి ఒక్కో బృందం ఉంటుంది. ఎవరైనా చేరవచ్చు, చేరకపోయినా అడిగేవారుండరు. నన్ను మొదట ఇబ్బంది పెట్టింది ఈ స్వేచ్ఛే. మన పెళ్లిళ్లలో పెద్దమ్మలో బాబాయిలో పురమాయిస్తే పరుగెత్తడం నాకు అలవాటు గాని, పురమాయించేవారే లేని చోట ఏ పని ఎవరిదో తేల్చుకోవడం ఎలాగో తెలియలేదు. చివరకు విద్యుత్ బృందంలో పేరు రాసుకుని, ప్రసంగాలకూ కార్యశాలలకూ ప్రతిపాదనలు పంపమన్న చోట తెలుగు లిపి గురించి ఒక కార్యశాల నిర్వహిస్తానని రాశాను.

ప్రారంభానికి ముందే వెళ్లి పనిచేసేవారు కొందరుంటారని తెలిసి, కొంత సెలవు కలుపుకుని రైలెక్కాను. ఆ మొదటి రోజుల్లో హిల్కెడామ్‌లో గడ్డి, చెట్లు, కేబుల్ చుట్టలు తప్ప మరేమీ లేవు. విద్యుత్ బృందం వాళ్లు పెద్ద పంపిణీ పెట్టెల నుంచి చిన్న పెట్టెలకు లైన్లు లాగుతుంటే, నేను వాటిని దారుల పక్కగా చెట్ల మొదళ్ల వెంబడి పరుస్తూ, ఏ పెట్టె మీద ఎన్ని గుడారాల భారం పడుతుందో రాసుకునేదాన్ని. చక్రానికి చుట్టిన కేబుల్‌ను మొత్తం విప్పకుండా వాడితే లోపలి చుట్టల్లో వేడి పోయే దారిలేక తొడుగు కరిగిపోవచ్చని అక్కడే నేర్చుకున్నాను. ఇంజనీరింగ్ పట్టా చేతికిచ్చినవాళ్లు ఈ విషయం నాకు చెప్పనేలేదు! అసలు శిబిరం మొదలయ్యాక వర్షం పడిన ఒక రాత్రి మా వరుసలో కరెంటు పోయినప్పుడు, గుడారాలను ఒక్కొక్కటిగా లైను నుంచి తప్పిస్తూ వెళ్లి, తడిగడ్డిలో పడివున్న ఒక జంక్షన్ బాక్సు వల్ల భద్రతా స్విచ్ పడిపోతోందని గుర్తించాం. దాని యజమాని నిద్రలేచి, క్షమాపణ చెప్పుకుని, మరునాడు మాతోపాటు మిగతా బాక్సులన్నింటినీ ఇటుకల మీదికి ఎక్కించాడు.

భోజనం ఎవరి ఏర్పాటు వారిదే. కొందరు కలిసి గుడారాలు వేసుకున్న ప్రతి గుంపునూ అక్కడ గ్రామం అంటారు. మా గ్రామంలో వంట వంతులవారీగా సాగింది. నా వంతు వచ్చినప్పుడు గ్యాస్ స్టవ్ మీద నిమ్మకాయ పులిహోర చేస్తే, పోపులో ఎండుమిరపకాయలు వేగే ఘాటుకు పక్క గ్రామం వాళ్లు దగ్గుతూ వచ్చి, తిని, గిన్నెలు కడిగి వెళ్లారు. జూలైలో అక్కడ రాత్రి పది దాకా వెలుగుంటుంది కనుక నిద్రకు కళ్లగంతలు తప్పనిసరి. పొడుగు గడ్డిలో తిరిగిన రోజు సాయంత్రం కాళ్లకు పిడుదులు పట్టాయేమో చూసుకోవడం కూడా అంతే అవసరం.

కార్యశాలకు వచ్చినవారు కొద్దిమందే అయినా గంట దాటినా ఎవరూ లేవలేదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో అప్లికేషన్లను కుప్పకూల్చిన తెలుగు అక్షరంతో మొదలుపెట్టాను. జ, పొల్లు, ఞ, వాటి తరువాత కంటికి కనిపించని ఒక విడదీత సంకేతం, ఆపైన దీర్ఘం, ఈ వరుసను తెరమీద గీయబోయి అప్పటి సాఫ్ట్‌వేర్ తడబడేది, ఐఫోన్లను నడిపే ఐఓఎస్ 11.2.6 వెర్షన్‌తో ఆపిల్ సంస్థ దాన్ని సరిచేసింది. ఆ తరువాత ‘శ్రీ’ని తీసుకున్నాను. మనకు ఒక్క అక్షరంగా కనిపించే దానిని కంప్యూటర్ శ, పొల్లు, ర, గుడి దీర్ఘం అనే నాలుగు సంకేతాలుగా దాచుకుంటుందని చూపించాక, అందరూ తమ పేర్లు తెలుగులో టైపు చేసి సంకేతాలు లెక్కపెట్టుకున్నారు. ఏటా ఈ శిబిరం కోసం మెడలో వేసుకునే ఒక ఎలక్ట్రానిక్ బ్యాడ్జ్ రూపొందిస్తారు. ఒకాయన తాను సొంతంగా చేసుకున్న బ్యాడ్జ్ చిన్న తెర మీద తన పేరు తెలుగులో కనిపించాలని పట్టుబట్టాడు. అందులో తెలుగు ఫాంటు లేదు కాబట్టి గళ్ల కాగితం మీద చుక్కచుక్కగా అక్షరాలు గీయడం మొదలుపెట్టాం. పైన గుడి, కింద ఒత్తు రెండూ ఉన్న అక్షరానికి పదహారు వరుసలు చాలవు. చాలించాలంటే మధ్యనున్న అక్షరం నలిగిపోతుంది. ఆ పని కార్యశాల నుంచి భోజనాల బల్ల దగ్గరికి, అక్కడి నుంచి అర్ధరాత్రి దాకా సాగి, ఇరవై నాలుగు వరుసల దగ్గర కుదిరింది. నేను ప్రతిపాదనలో రాసిన దానికంటే ఇదే మంచి కార్యశాల అని నా అభిప్రాయం.

చివరి రోజున చాలామంది సామాను సర్దుకుని సెలవు తీసుకున్నారు. వారిని తప్పుపట్టలేము, ఉద్యోగాలూ పిల్లలూ ఉన్నవారే. అయితే వేయడానికి ముందుకొచ్చినన్ని చేతులు తీయడానికి ఉండవన్నది అక్కడ కళ్లారా చూశాను. తడిసి బరువెక్కిన కేబుళ్లను తుడుచుకుంటూ చుట్టాలి. గుడారాల మేకులు గడ్డిలో మిగిలిపోతే గడ్డికోసే యంత్రాలు పాడవుతాయి. కత్తిరించిన ప్లాస్టిక్ కట్ల ముక్కలు బియ్యంలో రాళ్లలా ఎంత ఏరినా ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. మేము వరుసగా నిలబడి, మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు వంగి ఏరుకుంటూ నడిచాం. ప్రసంగాలు వింటూ గడిపిన రోజుల్లో ఎవరితోనూ కుదరనంత చనువు ఆ పనిలో కుదిరింది.

విద్యుత్ బృందం జాబితాలో వచ్చే ఏడాదికి కూడా నా పేరు ఉంచమని చెప్పి వచ్చాను. ఆఫీసులో సెలవు అడిగేటప్పుడు ఈసారి ఉత్సవం తేదీలకు ముందు రోజులే కాక తరువాతి రోజులు కూడా కలిపి అడుగుతాను. రెండూ ఇవ్వలేమంటే తరువాతివే తీసుకుంటాను.