అతిథులు అద్దె కడతారా?

పోయిన నెల ఒక శనివారం మా అమ్మాయి చేతిలోంచి ఒక అట్టముక్క లాక్కున్నాను. లాక్కోవడం అన్న మాట దానిది. నేనైతే తీసుకున్నాను అనే రాద్దామనుకున్నాను.

జరిగింది ఇంతే. లైబ్రరీ నుంచి నడిచి వస్తున్నాం. అమెరికాలో నేను చదువుతున్న యూనివర్సిటీ పెద్దాఫీసు ముందు మా గ్రాడ్యుయేట్ విద్యార్థుల యూనియన్ వాళ్లు ఓ యాభై మంది నిలబడి ఉన్నారు. అందులో మా డిపార్ట్‌మెంటావిడ ఒకామె ఉంది. వాళ్లబ్బాయీ మా అమ్మాయీ ఒకే క్లాసు. ఆమె నవ్వుతూ వచ్చి దీని చేతికి ఓ ప్లకార్డు ఇచ్చింది. ఇది రెండు చేతులా పైకెత్తింది. ఎవరో ఫోన్ తీశారు. అంతే, నాకంటే ముందు నా చెయ్యి వెళ్లిపోయింది. ప్లకార్డు తీసి చెట్టుకి ఆనించి, "పద, తమ్ముడికి నిద్రొస్తోంది" అన్నాను. తమ్ముడు స్ట్రోలర్‌లో నిక్షేపంగా మేలుకుని తన బూటు తనే నములుతున్నాడు.

ఆ అట్ట మీద ఏం రాసుందో నేను చదవలేదు. ఇంటికొచ్చాక అదే చెప్పింది. విద్యార్థుల భార్యాపిల్లల ఇన్సూరెన్సుకి యూనివర్సిటీ డబ్బు కట్టాలని రాసుందట. అంటే దాని గురించే. కిందటి చలికాలం దానికి చెవిపోటు వస్తే, ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలా, తెల్లారేదాకా ఆగాలా అని అర్ధరాత్రి రెండింటికి మేమిద్దరం వంటింట్లో నిలబడి లెక్కలేసుకున్నాం. ఆ లెక్క గురించే.

అన్నం తినేటప్పుడు అడిగింది. "నాయనమ్మ టెంట్‌లో కూర్చున్న ఫొటో అందరికీ చూపిస్తావు కదా నాన్నా. నేను పట్టుకుంటే ఎందుకు లాక్కున్నావ్?"

మామూలుగా అది నాతో వాదనలన్నీ ఇంగ్లీషులోనే పెట్టుకుంటుంది, అక్కడైతే గెలుపు దానిదే కాబట్టి. ఈసారి తెలుగులో అడిగింది. నేను తప్పించుకోకూడదని అయ్యుంటుంది.

టెంటు సంగతి చెప్పాలి. మాది తుళ్లూరు మండలం. రాజధాని కోసం భూములు తీసుకున్నప్పుడు మా నాన్న రెండెకరాలు ఇచ్చాడు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే ఊళ్లో టెంట్లు లేచాయి. మా అమ్మ అంతకుముందు ఒంటరిగా గుంటూరు బస్సు కూడా ఎక్కి ఎరగదు. అలాంటిది మెడలో ఆకుపచ్చ కండువా వేసుకుని పొద్దున్నే టెంట్‌కి వెళ్లేది, డ్యూటీకి వెళ్లినట్టు. 2021 నవంబరులో తుళ్లూరు నుంచి తిరుమలకి పాదయాత్ర మొదలైతే, మోకాళ్లు వద్దన్నా మూడు రోజులు నడిచింది. మేం ఇక్కడికొచ్చి అప్పటికి మూడు నెలలు. అమ్మాయికి ఐదేళ్లు. వీడియో కాల్‌లో నాయనమ్మ ఎప్పుడు చూసినా టెంట్‌లోనే కనిపించేది. దాంతో ధర్నా అంటే నాయనమ్మలు చేసే పని అనుకుంది, వడియాలు పెట్టడంలాగా. వాళ్ల టీచర్ తాతా నానమ్మల గురించి బొమ్మ వెయ్యమంటే, పచ్చ కండువా, పైకెత్తిన పిడికిలి వేసి ఇచ్చింది. ఆ బొమ్మ నా ల్యాబ్‌లో డెస్కు పైన అతికించి, వచ్చిన ప్రతివాడికీ చూపించాను. మా అమ్మ చూడు, ఏడో క్లాసు చదివింది, నాలుగేళ్లు కూర్చుంది అని.

ఎవరూ నన్ను "మరి నువ్వు?" అని అడగలేదు. ఇక్కడ అలా అడగడం మర్యాద కాదు.

నా రాజకీయాలన్నీ ఇంట్లోనే. అక్కడ మాత్రం నన్ను పట్టడం కష్టం. మా ఆవిడది కర్నూలు. ఇంజనీరింగ్‌లో క్లాస్‌మేట్స్‌మి, పేరు పెట్టే పిలుస్తుంది (మా అమ్మకి ఇంకా మింగుడు పడలేదు). వాళ్ల తమ్ముడితో ఫోన్లో నేను పెట్టుకునే యుద్ధాలు మా అపార్ట్‌మెంట్ గోడలకి కంఠతా వచ్చు. నేను రైతుల త్యాగం అంటాను. అతను రాజధాని గానీ హైకోర్టు గానీ సీమకివ్వాలన్న శ్రీబాగ్ ఒప్పందం అంటాడు, 1937 అంటాడు, 1953 నుంచి 56 దాకా రాజధాని ఎక్కడుండేది బావా అంటాడు. కర్నూల్లోనే ఉండేది, నేను కాదనలేను. అందుకే గొంతు పెంచుతాను. మా ఆవిడ ఓసారి పప్పు పోపు పెడుతూ, తల తిప్పకుండానే అంది: "మీ అమ్మ కూర్చుంటే ఉద్యమం. మా తమ్ముడు అడిగితే కుట్ర."

పిల్లల ముందు రాజకీయాలు మాట్లాడకండి అని కొత్తగా వచ్చిన జూనియర్లకి నేను సలహా ఇస్తుంటాను. ఇలా ఇచ్చి చెడిపోయిన సలహాలు నా దగ్గర చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగే మాట్లాడండి అన్నది ఇంకొకటి. కోపం వస్తే నేను అరిచేది ఇంగ్లీషులోనే.

అమ్మాయికి ఆ రోజు ఏం చెప్పానంటే, "మనం ఇక్కడ అతిథులం అమ్మా. అతిథులు ఇంటాయన్ని విసిగించకూడదు."

అది కాసేపు పప్పన్నం కలుపుకుంటూ ఆలోచించింది. "అతిథులు అద్దె కడతారా?"

మా ఆవిడకి నవ్వాగలేదు. నాకు పొలమారింది.

నిజం చెప్పొద్దూ, దానికి అసలు కారణం చెప్పడానికి నోరు రాలేదు. 2025 ఏప్రిల్‌లో ఉన్నట్టుండి వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (ఇక్కడ ఉండటానికి మాకున్న హోదా నమోదయ్యేది అందులోనే) రద్దయ్యాయి. కొందరికి పాత ట్రాఫిక్ కేసు, కొందరికి అదీ లేదు. కోర్టులకెక్కాక ఆ నెలాఖరులో తిరిగి పెట్టారు, కానీ ఆ మూడు వారాలు నేను పొద్దున లేవగానే మొహం కడక్కముందే పోర్టల్ చూసుకునేవాణ్ణి. జూన్‌లో, స్టూడెంట్ వీసాకి వచ్చేవాళ్లు సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌లో పెట్టాలన్నారు. నా పాస్‌పోర్టులో వీసా స్టాంపు 2026లో అయిపోతుంది. ఆ తర్వాత ఊరెళితే మళ్లీ కాన్సులేట్ కిటికీ ముందు నిలబడాల్సిందే. అందుకని ఓ రాత్రి కూర్చుని పదేళ్ల ఫేస్‌బుక్ తోడాను. ఏదో పెద్ద విప్లవ సాహిత్యం బయటపడుతుందనుకుంటే, సగం అమరావతి, పావు వంతు హీరోల ఫ్యాన్స్‌తో తగాదాలు, మిగతాది మామిడికాయల ఫొటోలు. అయినా చెరిపేశాను. అమ్మ టెంట్‌లో కూర్చున్న ఫొటో దగ్గర కాసేపు ఆగాను. కాన్సులేట్‌లో ఆఫీసరు తుళ్లూరు టెంటు చూసి నాకు వీసా ఆపుతాడా? ఆపడు. తెలుసు. దాన్నీ చెరిపేశాను.

ఈ సంగతి అమ్మాయికి తెలీదు. నాయనమ్మ ఫొటో చూపిస్తావు కదా అని అదన్నప్పుడు, ఇప్పుడెక్కడ చూపిస్తున్నానే అని మనసులో అనుకున్నాను.

యూనియన్‌లో చేరడం నేరమేమీ కాదు, విదేశీ విద్యార్థులకీ ఆ హక్కుంది. 2022 చివర్లో కాలిఫోర్నియా యూనివర్సిటీల్లో 48,000 మంది సమ్మె చేశారు. వాళ్లలో మనవాళ్లూ బోలెడంత మంది. జీతాలు పెరిగాయి కూడా. అప్పట్లో ఆ వార్తలు గుటకలు వేస్తూ చదివాను. సభ్యత్వం కార్డు మూడేళ్లుగా నా బ్యాగ్‌లో ఉంది. పేరు రాశాను, డిపార్ట్‌మెంట్ రాశాను, సంతకం దగ్గర పెన్ను రాయలేదు. నిజంగానే రాయలేదు. ఇంకో పెన్ను వెతకలేదు, అంతే.

నా మీద నేనే జాలి పడేటట్టు రాస్తున్నానేమో. మా ఆవిడ సంగతి చూడండి. ఎంటెక్ చేసి, హైదరాబాద్‌లో ఆరేళ్లు ఉద్యోగం చేసిన మనిషి. విద్యార్థి భార్యగా ఎఫ్2 వీసా మీద వచ్చాక రూపాయి సంపాదించడానికి వీల్లేదు. చదువుకుందామన్నా ఫుల్‌టైమ్ కుదరదు. నేను స్వేచ్ఛ గురించి, ప్రజాస్వామ్యం గురించి మాట్లాడుతుంటే వింటుంది పాపం. ఓరోజు అంది: "నీ అభిప్రాయాలు కూడా నా వీసాలాంటివే. ఇంట్లో ఉండొచ్చు, పని చెయ్యకూడదు."

ఇంకో విషయం కూడా ఆ రాత్రే బయటికొచ్చింది. అమ్మాయి పుట్టింది గుంటూరులో, చిన్నోడు పుట్టింది ఇక్కడ. దాని పాస్‌పోర్టు ముదురు నీలం, వాడిదీ నీలమే, కానీ బొమ్మ వేరు. ఇంతకాలం దానికి ఆ తేడా గుర్రానికీ గాడిదకీ ఉన్నంత కూడా అనిపించలేదు. ఇప్పుడు క్లాసులో ఎన్నికల పాఠం నడుస్తోంది. "పెద్దయ్యాక తమ్ముడు ఓటెయ్యొచ్చు, నేను వెయ్యకూడదా?" అంది. ఇప్పుడున్న వీసాతో అయితే వెయ్యకూడదు. ఇరవై ఒకటి నిండితే మా వెనకాల డిపెండెంట్‌గా ఉండటానికి కూడా కుదరదు. అది మాత్రం చెప్పలేదు, తొమ్మిదేళ్ల పిల్లకి ఒక రాత్రికి ఎంతని చెప్తాం? బదులుగా వాంగ్ కిమ్ ఆర్క్ కథ చెప్పాను. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకి పుట్టిన వంటవాడు. ఊరెళ్లి తిరిగొస్తుంటే ఓడ దిగనివ్వలేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1898లో గెలిచాడు. ఇక్కడ పుట్టినవాడు ఇక్కడివాడేనని ఆ తీర్పు. ఎంతో ఉత్సాహంగా చెప్పుకుపోతుంటే మధ్యలో ఆపింది. "అంటే ఆయన పోట్లాడాడు కాబట్టి తమ్ముడికి ఓటు వచ్చింది. మరి నా కోసం ఎవరు పోట్లాడతారు?"

కథలు చెప్పేటప్పుడు చివర ఏముందో ముందు చూసుకోవాలి.

"నీకు ఓటుందా నాన్నా?" అని తర్వాత ప్రశ్న. ఉంది, తుళ్లూరు మండలంలో. 2019 ఏప్రిల్ 11న వేసిందే ఆఖరు. 2024 మే 13న వెయ్యలేదు. విదేశాల్లో ఉన్నవాళ్లు పేరు నమోదు చేయించుకోవచ్చు గానీ, పోస్టులోనో కంప్యూటర్‌లోనో వేస్తామంటే కుదరదు, పాస్‌పోర్టు పట్టుకుని ఆ బూత్‌కే వెళ్లాలి. మా నలుగురి టిక్కెట్లంటే నా మూడు నెలల స్టైపెండ్. కొందరు విమానాలెక్కి వెళ్లి వేసొచ్చారు. నేను వాళ్ల ఫొటోలకి లైకులు కొట్టాను. ఆ రోజు అమ్మ సిరా వేలు ఫొటో పంపింది, నాన్న వేలు కూడా పక్కనే పెట్టించి. మొత్తానికి మా ఇంట్లో రాజకీయాల గురించి రోజూ అరిచేవాడికి ఏ దేశంలోనూ వేసే ఓటు లేదు. ఉన్నవాడు పాలసీసా వదలడు.

ఆదివారం అమ్మకి ఫోన్ చేశాను. జరిగింది చెప్పి, "అమ్మా, నీకప్పుడు భయం వెయ్యలేదా?" అని అడిగాను.

"ఎందుకు వెయ్యదురా. పోలీసులు వ్యాన్ ఎక్కించిన రోజు కాళ్లు వణికాయి. అయితే ఎక్కడికి తీసుకెళతారు? పొద్దుగూకే లోపు మన ఊరి సెంటర్‌లోనే దింపారు. మన ఊరు కదా."

నాకు ధైర్యం వచ్చింది. యూనియన్ కార్డు మీద సంతకం పెడదామనుకుంటున్నానని చెప్పబోయాను. అమ్మ పూర్తి చెయ్యనివ్వలేదు. "నీకెందుకురా అబ్బాయ్ ఆ గొడవలు. తలొంచుకుని చదువు కానియ్యి. పిల్లని వాటిల్లోకి పంపకు."

నాలుగేళ్లు టెంట్‌లో కూర్చున్న మనిషి ఈమాట అంది. అమ్మకి తన గురించి లేని భయం నా గురించి ఉంది. నాకేమో నా గురించీ ఉంది, పిల్ల గురించీ ఉంది. పిల్ల దగ్గరికి వచ్చేసరికి నా భయాన్ని జాగ్రత్త అని పిలుస్తున్నాను. స్కూల్ బస్సులో ఎవడో దాని సీటు ఆక్రమిస్తే, నోరు తెరిచి అడగాలి, తలొంచుకోకూడదు అని గంట క్లాసు పీకిందీ నేనే. అప్పుడు అది వెళ్లి అడిగింది కూడా. సీటు వచ్చింది. నా మాట నమ్మి చేసిన పని, మళ్లీ నేనే చెట్టుకి ఆనించి వచ్చాను.

అలాగని రేపు మళ్లీ ఎవరైనా ఫోన్ తీస్తే నా చెయ్యి ఆగుతుందా అంటే చెప్పలేను. నిజంగా ఏమైనా అయితే ఈ ఐదేళ్ల పని, అది ఎక్కే బస్సు, దాని స్నేహితులు అన్నీ పోతాయి. అప్పుడు అదే నన్ను, ఎందుకు ఆపలేదు నాన్నా అని అడగదా? అడుగుతుందో లేదో కూడా తెలీదు. అడుగుతుందని అనుకోవడం నాకు సుఖంగా ఉంది.

తర్వాతి శనివారం పొద్దున్న తల్లీకూతుళ్లు లైబ్రరీకి బయల్దేరారు. బియ్యం బస్తాలు తెచ్చిన అట్టపెట్టె ఒక వైపు కోసి ఉంది, మార్కర్ల వాసన వస్తోంది. నేనేమీ అడగలేదు. మా ఆవిడ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, అడగకపోయినా జవాబిచ్చింది. "నేను పని చెయ్యకూడదని రాశారు. నిలబడకూడదని ఎక్కడా రాయలేదు." ఆమె వీసా నా వీసాకి కట్టేసి ఉందని, నాకున్న భయమంతా ఆమెకీ ఉండాల్సిందేనని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. "చలిగా ఉంది, జాకెట్లు వేసుకోండి" అన్నాను. నా వంతు అంతవరకే.

చిన్నోడికి ఉప్మా తినిపిస్తుంటే ఫొటో వచ్చింది. అమ్మాయి అట్ట పైకి పట్టుకుంది. మెడలో పచ్చ చున్నీ, వాళ్లమ్మది. అట్ట మీద ఇంగ్లీషులో ఏదో, కింద మూలన తెలుగులో 'నా చెవి' అని రాసుంది. గుడి తిరగేసి రాసింది.

ఫ్యామిలీ గ్రూపులో పెట్టబోయి ఆగాను. అమ్మకి ఒక్కదానికే పంపాను. అక్కడ రాత్రి తొమ్మిది దాటింది, అయినా వెంటనే చూసింది. టైప్ చేస్తున్నట్టు చాలాసేపు కనిపించింది. తిడుతుందనుకున్నాను.

"పిల్ల చెవులకి ఏమీ కట్టలేదేంట్రా, గాలి కొడతలేదూ?" అని వచ్చింది.