నెల ఖర్చు లెక్క ఎక్కడ తప్పుతుంది: మూడు పేజీల పద్దు

“నెలకి ముప్పై వేలు దాటి ఖర్చు లేదు, అయినా డబ్బు నిలవట్లేదు” అనే ఇళ్లలో అబద్ధమేమీ ఉండదు. పద్దు రాసే తీరులోనే తప్పుంది. బియ్యం, బెండకాయలు, స్కూలు ఫీజు మూడింటినీ ఒకే నెల గడిలో రాస్తే మొదటిది కాస్త అటూ ఇటూ అవుతుంది, రెండోది సగం మర్చిపోతాం, మూడోది అసలు కనపడదు.

దీనికి మందు ప్రభుత్వ గృహ వినియోగ వ్యయ సర్వేలోనే ఉంది. సర్వేవాళ్లు అన్నిటినీ ఒకే గడువుతో అడగరు. కూరగాయలు, పళ్లు, గుడ్లు, మాంసం, చేపలు, వంటనూనె, చిరుతిళ్లు గత 7 రోజులవి అడుగుతారు. బియ్యం, పప్పులు, పాలు, గ్యాస్, అద్దెలాంటివి 30 రోజులవి. బట్టలు, చెప్పులు, ఫీజులు, ఆసుపత్రిలో చేరిన ఖర్చు, ఫ్రిజ్ లాంటి సామాను 365 రోజులవి. ఇంట్లో కూడా నోటుబుక్కులో ఇలాగే మూడు పేజీలు పెట్టుకోవాలి.

నలుగురున్న ఇల్లు అనుకుందాం. మొదటి పేజీలో వారానికి రూ.2,450 తేలితే 7తో భాగించి 30తో హెచ్చించాలి: రూ.10,500. రెండో పేజీ మొత్తం రూ.19,500. మూడో పేజీలో ఫీజులు 80,000, పండగ బట్టలు 26,000, ఫ్రిజ్ 28,000, ఆసుపత్రి 12,000, కలిపి రూ.1,46,000. 365తో భాగిస్తే రోజుకి 400, నెలకి రూ.12,000. మూడూ కలిస్తే రూ.42,000, అంటే మనిషికి 10,500. మూడో పేజీ లేకపోతే ఇదే ఇల్లు మనిషికి 7,500 అనుకుంటుంది. నెలాఖరు కటకట అంతా ఆ మూడు వేల తేడాలోదే. నా దృష్టిలో మూడింటిలోకీ ముఖ్యమైన పేజీ ఇదే, ఎవరూ రాయనిదీ ఇదే.

పోల్చి చూసుకోవాలంటే, 2023-24 సర్వేలో మనిషికి నెల సగటు తెలంగాణ పల్లెల్లో రూ.5,435, పట్టణాల్లో 8,978. ఆంధ్రప్రదేశ్‌లో 5,327, 7,182. ఉచితంగా అందిన సరుకుల విలువ వీటిలో లేదు. అందుకని రేషన్ బియ్యం వచ్చే ఇళ్లు దాని విలువని విడిగా, పేజీ అడుగున రాసుకోవాలి. ఊళ్లో సొంత పొలం నుంచి వచ్చే బియ్యాన్ని సున్నా అని వదిలెయ్యకూడదు, కల్లం దగ్గరి ధర కట్టాలి.

తిండి దగ్గర కొన్నది కాదు, వాడినది రాయాలి. 26 కిలోల బస్తా రూ.1,500కి కొన్నారు, 30 రోజులకి 6 కిలోలు మిగిలాయి. వాడింది 20 కిలోలు, ఖర్చు రూ.1,154. గ్యాస్ బండ రూ.900 అయి 45 రోజులు వస్తే నెలకి 600. బండ మార్చిన తేదీ సిలిండర్ మీదే సుద్దముక్కతో రాస్తే చాలు.

వారం పేజీలో ఎక్కువగా జారిపోయేవి యూపీఐ చెల్లింపులు. యాప్‌లో రూ.40, రూ.65 పక్కన చాలాసార్లు దుకాణం పేరుండదు, ఎవరిదో మనిషి పేరుంటుంది. పది రోజులు పోతే అది టీయా, టమాటాలా అన్నది చెప్పలేం. ఏ రాత్రికారాత్రి రాసెయ్యాలి. ఇది చిన్న పద్దు కాదు: 1999-2000లో పల్లె ఇళ్ల ఖర్చులో ధాన్యాల వాటా 22 శాతం పైన ఉంటే 2023-24కి 5 శాతానికి దిగింది. ఇప్పుడు తిండిలో అన్నిటికన్నా పెద్ద వాటా పానీయాలు, బయటి తిండి, ప్యాకెట్ సరుకులదే: పల్లెల్లో 9.84 శాతం, పట్టణాల్లో 11.09.

చీటీ వాయిదా ఖర్చు కాదు, పొదుపు. దాన్ని వేరే పేజీలో రాయండి. ఈఎంఐ మీద కొన్న ఫోను పూర్తి ధర మూడో పేజీలో రాశాక, వాయిదాల్ని మళ్లీ నెల పేజీలో కలిపితే రెండుసార్లు లెక్కేసినట్టే. వడ్డీ ఒక్కటే విడిగా రాయాలి.

ఈ పద్దులకి ఇంటి బయట కూడా పనుంది. ధరలు ఎంత పెరిగాయో కొలిచే ధరల సూచీలో ఏ సరుకుకి ఎంత బరువు, అంటే మొత్తం ఖర్చులో ఎంత వాటా, ఇవ్వాలో ఈ సర్వేల నుంచే తేలుస్తారు. 2017-18 సర్వే ఫలితాల్ని ప్రభుత్వం పక్కన పెట్టడంతో, 2012 ఆధార సంవత్సరంగా ఉన్న సూచీ 2011-12 నాటి బరువుల మీదే ఏళ్లకేళ్లు నడిచింది. అందులో నూటికి ఆహార పానీయాలకి 45.86, చదువుకి 4.46. 2023 జులైలో కూరగాయలు మండిపోయి ద్రవ్యోల్బణం 7.44 శాతానికి ఎగసింది కూడా ఆ బరువులతోనే. ఆ సూచీలో ఫీజులు పది శాతం పెరిగితే చేరేది అర శాతం లోపే. పైన చెప్పిన ఇంట్లో ఏడాది ఖర్చు రూ.5,11,000లో ఫీజుల వాటా 15.7 శాతం, కాబట్టి అదే పెంపు ఆ ఇంటి మీద 1.6 శాతం పడుతుంది. ఈ లెక్క జూన్‌లో బడులు తెరవగానే వేసుకోవాలి. వారం పేజీకి మాత్రం సంక్రాంతి, దసరా వారాలు పనికిరావు. మామూలు వారాలు రెండు మూడు తీసుకుని సగటు కట్టాలి.