బెల్లుకీ బెల్లుకీ మధ్య

నిద్ర పట్టడం లేదు. గొడవ మొదలుపెట్టిన మనిషి మాత్రం హాయిగా గురక పెడుతున్నారు.

గొడవంటే మరీ గొడవేం కాదు. 2025 ఆగస్టులో ఎయిర్ కెనడా కేబిన్ సిబ్బంది పదివేల మందికి పైగా పని ఆపేశారు కదా, రెండు రోజులుగా దాని గురించే చదువుతున్నా. భోజనాల దగ్గర ఆ మాట ఎత్తాను. ఈయన కంచంలోంచి తల ఎత్తకుండా, "ఊళ్ళు తిరుగుతూ జీతం తీసుకునే ఉద్యోగం, ఇంకేం కావాలట?" అన్నారు. ఆ 'అట' ఉంది చూశారూ, అదీ నాకు మండింది. పెళ్ళైన కొత్తలో నా ఉద్యోగాన్నీ అలాగే 'అట'తో తేల్చేసేవారు.

ఓపిగ్గానే చెప్పాను. చాలా విమాన సంస్థల్లో వీళ్ళ గంటల లెక్క విమానం గేటు దగ్గర కదిలాకే మొదలవుతుంది. తలుపు దగ్గర నిలబడి నవ్వడం, పట్టని పెట్టెని పైన ఇరికించడం, సీటు మార్చమని పేచీ పెట్టే పెద్దమనిషిని సముదాయించడం, ఇవేవీ లెక్కలోకి రావు. రెండు గంటలు గేటు దగ్గరే ఆగిపోతే మన విసుగంతా పడేది మాత్రం వాళ్ళమీదే. అమెరికాలో డెల్టా అనే విమాన సంస్థ 2022లో ప్రయాణికుల్ని ఎక్కించే సమయానికి సగం రేటు ఇవ్వడం మొదలుపెట్టింది. సగం! అది సగం పనా?

"గంట రేటు పెట్టేటప్పుడే అదంతా కలుపుకుని పెడతారు" అన్నారు. లెక్కల మనిషి కదా. నాకు నోట మాట రాలేదు. చిన్నది మాత్రం "అమ్మే కరెక్టు" అంది, అదొక్కటే సంతోషం. కలిపే ఇస్తుంటే మరి ఆలస్యమైనప్పుడు ఆ అదనపు గంటలు ఎవరి నెత్తిన పడుతున్నాయి? ఈ ప్రశ్న గిన్నెలు సర్దుతుంటే తట్టింది. అప్పటికే ఆయన మంచమెక్కేశారు.

ఊరికే తట్టలేదులెండి. నేను పీరియడ్ లెక్కన పాఠాలు చెప్పిన రోజులు గుర్తొచ్చాయి. బెల్లుకీ బెల్లుకీ మధ్య ఉన్నదానికే డబ్బులు. పేపర్ల కట్టలు ఇంటికి మోసుకొచ్చి అర్ధరాత్రి దాకా దిద్దేది ఉచితం. తొమ్మిది మందిమి స్టాఫ్ రూమ్‌లో కూర్చుని, దిద్దినందుకూ ఇచ్చేదాకా సోమవారం నుంచి క్లాసులకి వెళ్ళేది లేదని కాగితం రాశాం. హిస్టరీ మేడమ్‌ది మొదటి సంతకం, నాది రెండోది. ఆదివారం రాత్రి ప్రిన్సిపాల్ ఫోన్ చేశాడు. బెదిరించలేదు. "మీరు తెలివైనవారమ్మా" అన్నాడు, అంతే. సోమవారం పొద్దున్న మొదటి బెల్లుకే క్లాసులో ఉన్నాను. నన్ను చూసి ఇంకో ఇద్దరు వెళ్ళారు. మధ్యాహ్నానికి అందరి చేతుల్లోనూ సుద్దముక్కలే. మరుసటి ఏడాది హిస్టరీ మేడమ్‌ని పిలవలేదు.

కెనడా వాళ్ళకి ఫోన్ కాదు, ఏకంగా ప్రభుత్వమే అడ్డొచ్చింది. ఆగస్టు 16న సమ్మె మొదలైన కొన్ని గంటలకే, కార్మిక చట్టంలో 107వ సెక్షన్ తీసి పనిలోకి వెళ్ళమంది. వాళ్ళు వెళ్ళలేదు. 19కల్లా ఒప్పందం కుదిరింది, నేల మీది పనికీ ఎంతో కొంత ఇస్తామని. తరవాత అందులో జీతాల భాగాన్ని ఓటుకి పెడితే 99.1 శాతం మంది కుదరదన్నారు. వందలో ఆ మిగిలిన ఒక్కరూ ఎవరో గానీ, పాపం, నాకు బాగా తెలుసు.

పొద్దున్న లేవగానే ఆ ఆలస్యం సంగతి ఈయన మొహాన కొట్టాలని, మర్చిపోకుండా రాసుకుందామని కూర్చున్నా. ఇప్పుడు చెప్పబుద్ధి కావడం లేదు. హిస్టరీ మేడమ్ నంబరు ఫోన్‌లో ఇంకా ఉంది. డీపీలో మనవరాలనుకుంటా, ముందు పళ్ళు రెండూ లేవు.